పలకరాయి లేని కప్పు

భూకంపం వచ్చిన మూడో ఏట, మంచు కరిగాక, గుట్ట మీద ఫుసా కొత్త ఇంటికి స్తంభాలు నిలబెట్టి దూలాలెత్తారు. ఇక కప్పు సంగతి తేలాలి. కొడుకు దూరసముద్రంలో చేపల ఓడ మీద ఉన్నాడు. ఫోను చేసినప్పుడల్లా "అత్తాకోడళ్ళు మీరే చూసుకోండి" అనేవాడు.

ఫుసా మటుకు ఎప్పుడో తేల్చేసుకుంది. ఆ ఊరి కొండలో నల్ల పలకరాయి దొరుకుతుంది. పదహారో ఏట నుంచీ ఆ రాయిని ఉలితో పొరలుగా చీల్చి, అంచులు చెక్కి బతికిన మనిషి ఆమె. ఆమె చెక్కిన పలకలతో భర్త మొసాకు ఇళ్ళు కప్పేవాడు. అతను పోయి పదేళ్ళు దాటింది. కూలిన పాత ఇంటి మట్టిలోంచి ఆమె ఒక చలికాలమంతా పలకలు ఏరింది. వాళ్ళకిచ్చిన తాత్కాలికపు ఇంటి బయట, కుళాయి దగ్గర పీట వేసుకుని ఒక్కొక్కటే కడిగేది. వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేది. ఖంగుమంటే మంచిది. గొంతు పూడినట్టు మోగితే ఎక్కడో బీట ఉన్నట్టు. అలా నాలుగు వేల పైచిలుకు నిలిచాయి. కొత్త ఇంటికి అవే ఎక్కాలని ఆమె పట్టుదల.

భూకంపం వచ్చిన రోజు కోడలు కనాయే పాత ఇంట్లోనే ఉంది. కూలిన కప్పు కింద ఐదు గంటలు పడి ఉంది. కుడి భుజం ఎముక విరిగి అతికింది కానీ చెయ్యి ఇప్పటికీ తల పైకి లేవదు. ఆ కప్పు మొసాకు కప్పినది. ఆ మాట అత్త ఎత్తలేదు, కోడలూ ఎత్తలేదు. కప్పు ప్రస్తావన వస్తే కనాయే "మీ ఇష్టం అత్తయ్యా" అని లేచి ఏదో ఒక గిన్నె కడగడానికి పోయేది.

మొసాకు దగ్గర పని నేర్చిన తకుజో ఒక మధ్యాహ్నం రెండు నమూనాలు చంకన పెట్టుకుని వచ్చాడు.

"చూడమని తెచ్చానంతే వదినా. కొట్టకు."

"చూస్తే అరిగిపోతానా? పెట్టు."

ఒకటి ప్లాస్టిక్‌ది. అచ్చం రాయిలాగే పొరలూ, అంచున చిన్న చిన్న పెచ్చులూ ఉన్నాయి. రెండోది నార కలిపిన సిమెంటు పలక. బూడిదరంగు, నున్నగా, ఏ వేషమూ లేకుండా ఉంది.

"బరువు రాతిలో సగం కూడా ఉండదు. రాయే కావాలంటే వేస్తాను, కాదనను. కానీ స్తంభాలు లావు చెయ్యాలి, దక్షిణం కిటికీ మూసి గోడ లేపాలి. ఇంజనీరు గీసిచ్చాడు."

"గోడే లేపు. మీ గురువు ఇంటి మీద సిమెంటు అట్టలేస్తావా? నవ్వుతారు."

"నవ్వేవాళ్ళందరి ఇళ్ళ మీదా ఇదే ఉంది వదినా. కప్పింది నేనే."

కనాయే బార్లీ టీ తెచ్చి బల్ల మీద పెడుతోంది. అంతలో గిన్నెలు గలగలమన్నాయి. నేల కింద ఎవరో బండి లాగినట్టు ఊగింది. ఆ ఊళ్ళో అదేమీ వింత కాదు. తకుజో టీకూజా పట్టుకుని కూర్చున్నాడు. కనాయే మాత్రం ఒక్క ఉదుటున వచ్చి అత్త మీద బోర్లా పడింది. ఫుసా తల ఆమె రొమ్ము కింద నలిగింది. లేవని ఆ కుడిచేత్తోనే అత్త మెడ కప్పాలని ఆమె చేస్తున్న ప్రయత్నం ఫుసాకు తెలుస్తూనే ఉంది. ఊగడం ఆగింది. కోడలు మాత్రం లేవలేదు.

ఆమెను లేపి పక్కన కూర్చోబెట్టుకుని ఫుసా అడిగింది. "ఆ రోజు కప్పు కింద నీకేం వినబడింది?"

కనాయే తకుజో వైపు చూసింది. అతను టీ గ్లాసు చేతిలోకి తీసుకుని అందులోకే చూస్తూ ఉండిపోయాడు.

"పలకలు అత్తయ్యా. భూమి కదిలినప్పుడల్లా పైన ఒక్కొక్కటే జారేవి. దూలానికి కొట్టుకుని ఖంగుమనేవి. తర్వాతది నా మీదేనేమో అనుకునేదాన్ని."

ఫుసా బయట కుళాయి వైపు చూసింది. చలికాలమంతా కుళాయి దగ్గర తను తడుతూనే ఉంది. గోడకు ఇవతల ఈ పిల్ల బియ్యం కడుగుతూ, బట్టలు మడతేస్తూ, ప్రతి ఖంగునూ విన్నది.

"ఒక్కసారైనా ఆపమనకపోయావా, పిచ్చిదానా?"

"అవి వింటున్నప్పుడు మీ మొహం బాగుండేది. మామయ్యగారు పోయాక మిమ్మల్ని అలా చూళ్ళేదు."

ఫుసా కళ్ళు తుడుచుకోలేదు. ప్లాస్టిక్ పలకను ముందుకు లాక్కుని అంచు తడిమింది.

"ఈ పెచ్చు ఇలాగే మళ్ళీ వస్తుందా?"

"అచ్చులు ఎనిమిదే. తొమ్మిదోదానికి మళ్ళీ ఇదే పెచ్చు" అన్నాడు తకుజో.

"అయితే వద్దు. నేను చెక్కినట్టు నా ఎదురుగా నటిస్తుంది. ఆ సిమెంటుదే వెయ్యి. అదేమిటో అది చెప్పుకుంటోంది."

"అత్తయ్యా, నా కోసమని..."

"నీ కోసమే. కాకపోతే ఇంకెవరి కోసం?"

రాతిపలకల్ని పక్క ఊరి గుడివాళ్ళు పాత కప్పు బాగుచేయడానికి అడిగారు. లారీ వచ్చిన ఉదయం ఫుసా తలుపు తీయలేదు. వాళ్ళు గడ్డి పరిచి, ఒక్కటీ పగలకుండా ఎక్కించారని కనాయే వచ్చి చెబితే తలూపింది. రెండు రోజులు అన్నం ఆమెకు సయించలేదు.

కప్పు వేసే రోజు గాలి లేదు. మధ్యాహ్నానికి సగం కప్పు నిండింది. ఫుసా గుట్ట వాలులో నిలబడి చూసింది. ఏ పలకా మరో పలకకు భిన్నంగా లేదు. ఎవరి చెయ్యీ కనబడలేదు. ఆమెకు అది నచ్చలేదు, నచ్చుతుందన్న ఆశ కూడా లేదు. చూస్తూ చూస్తూ కేకేసింది.

"తకుజో, నాలుగో వరస వాలింది."

"దారం పట్టే వేశాం వదినా."

"దారం వాలింది. విప్పు."

"సిమెంటుదే కదా, కింద నుంచి ఎవరికి కనబడుతుంది?"

"నాకు కనబడుతోంది. రాయి కాదని వంకరగా వేస్తావా? మీ గురువు ఉంటే నిచ్చెన తీసేసేవాడు."

తకుజో గొణుక్కుంటూ మేకులు పీకడం మొదలుపెట్టాడు. కనాయే పక్కకు వచ్చి నిలబడింది.

"నాకేం తెలీడం లేదత్తయ్యా. ఎలా చూడాలి?"

ఫుసా ఆమె భుజాలు పట్టుకుని రెండడుగులు ఎడమకు జరిపింది. "ఇక్కడ నిలబడు. ఒక కన్ను మూసుకో. చూరు అంచు పట్టుకుని చూపు పైకి పోనీ."

కనాయే ఒక కన్ను మూసుకుని ఇంటి కప్పును చాలాసేపు చూసింది. పైన తకుజో కొత్త దారం లాగుతున్నాడు.

"కుడి కొస ఇంకాస్త కిందికి, తకుజో గారూ" అంది.