పద్నాలుగో నంబరు పటం

అద్దంలో హరుయేకి దక్కేది కుడివైపు మూల. అందులో చెవి కనబడితే ముక్కు కనబడదు, ముక్కు కనబడితే చెవి కనబడదు. మెడ వెనక తెల్లరంగు పూసుకోవాలంటే పక్కనున్న తత్సుకో భుజం మీదుగా వంగాలి. ఏళ్ళ తరబడి అలా వంగీ వంగీ ఆమె మెడ కాస్త ఎడమకు ఒరిగిపోయింది. చిన్న వేషాల ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టే ఆ పెద్దగదిలో అద్దం మధ్యకు జరగాలంటే ఎవరైనా పెళ్ళి చేసుకుని మానెయ్యాలి, లేదా పేరు తెచ్చుకుని సొంత గదికి వెళ్ళాలి. అలా వెళ్ళినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఖాళీ అయిన ప్రతి చోటూ హరుయే మరొకరికి వదిలేసింది.

"అక్కా, పెదవులు కదులుతున్నాయి. జపమా?" అంది తత్సుకో.

"నాకివాళ మాటుంది."

"తెలుసులే. మూడ్రోజుల్నించీ బకెట్టుక్కూడా చెబుతున్నావుగా."

నిజమే. 'ఈవిడ ఎవరి మీదా విసుక్కోగా నేను చూడలేదండీ.' అదీ ఆ మాట. చనిపోయిన తల్లి పటం ముందు అగరుబత్తి వెలిగించే పొరుగింటావిడ వేషం. ముఖం దగ్గరగా తీస్తారట. హరుయే నోటి మాట సినిమాలో వినబడి తొమ్మిదేళ్ళయింది. అప్పుడైనా 'వస్తున్నా' అని తలుపు వెనకనుంచి అంది, అంతే.

పంతొమ్మిదో ఏట తాంగో తీరంలో చేపలు ఎండబెట్టుకునే ఊరినుంచి క్యోటో వచ్చింది. అవి మూగ సినిమాల రోజులు. మొదటి ఏడాదే కథానాయిక స్నేహితురాలి వేషం దొరికింది. పోస్టరు మీద కిందనుంచి మూడో పేరు ఆమెది. ఆ సినిమా రీళ్ళు గోదాములో తగలబడిపోయాయి, దాచుకున్న పోస్టరు చెమ్మకి చివికిపోయింది. తర్వాత మాటల సినిమాలొచ్చాయి. కన్నీళ్ళ ఘట్టంలో ఆమె నోరు విప్పగానే ఊరి యాస బయటపడి, దీపాలు పట్టుకున్నవాళ్ళు కూడా నవ్వారు. ఆ నవ్వుతోనే వచ్చి ఈ అద్దం మూలన పడింది. అప్పట్నించీ బావుల దగ్గర నీళ్ళు తోడింది, వంతెనలు దాటింది, యుద్ధాల్లో పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తింది, లెక్కలేనన్నిసార్లు చచ్చిపోయింది.

మధ్యాహ్నం రెండింటికి సెట్టులోకి వెళ్ళి, స్టూడియో అలవాటు ప్రకారం అందరికీ శుభోదయం చెప్పింది. అసిస్టెంటు మురాకి కాగితం చూసి, "పొరుగింటావిడ మీరేనా? అక్కడ కూర్చోండి," అని పూజామందిరం ముందున్న దిండు చూపించాడు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని తలెత్తింది.

నల్ల రిబ్బను కట్టిన పటంలో ఉన్నది తనే.

ఎనిమిదేళ్ళ కిందట ఏదో సినిమాలో చనిపోయిన తల్లి కావలసివచ్చి తీసిన ఫోటో అది. తియ్యబోతుండగా సామాన్ల గది గెంజో ఏదో కొంటెమాట అనడంతో, ఆపుకున్న నవ్వు పెదవి చివర ఉండిపోయింది. అప్పట్నించీ ఏ సినిమాలో తల్లి పోయినా, పిన్ని పోయినా, గెంజో సామాన్ల గదిలోంచి అదే తీస్తాడు. పద్నాలుగో నంబరు పటం.

గెంజో దీపస్తంభాల వెనకనుంచి ఆమెను చూశాడు. అతని ముఖం పాలిపోయింది. అగరుబత్తులు సర్దే నెపంతో వచ్చి పక్కన కూలబడ్డాడు.

"ఈ వేషం నీదని నాకు తెలీదు హరుయే. నిన్న రోజంతా ఈ పటం ముందే పెద్ద హీరోయిన్ ఏడ్చింది. మొత్తం తీసేశారు. ఇక పటాన్ని మార్చలేరు."

"అయితే నన్ను మారుస్తారు."

"చెబితే మారుస్తారు."

"నువ్వు తెచ్చావు, సరే. మిగతావాళ్ళలో ఎవరికైనా తెలిసిందా?"

గెంజో చుట్టూ చూశాడు. నలభైమంది ఉన్నారు. "ఎవరికీ తెలీలేదు," అన్నాడు మెల్లగా.

సంతోషించాలో ఏడవాలో హరుయేకి అంతుపట్టలేదు. ఎవరూ గుర్తుపట్టలేదు కాబట్టి మాట దక్కింది. ఎనిమిదేళ్ళుగా రోజూ ఎదురుపడే మనుషులు గుర్తుపట్టలేదే అన్న బాధా ఉంది. అసలు వాళ్ళనేమిటి అనడం? పటంలోని ఆవిడ మెడ నిటారుగా ఉంది. తనెప్పుడైనా అలా ఉండేదా?

"చెప్పకు," అంది.

కెమెరా తిరిగింది. ఆమె అగరుబత్తి వెలిగించి, చేతులు జోడించి, మాట చెప్పింది. డైరెక్టరు ఆపాడు. మళ్ళీ చెప్పింది. మళ్ళీ ఆపాడు. మూడోసారి కుర్చీలోంచి లేచి వచ్చాడు.

"అమ్మా, మీరు ఆ పటాన్ని మొదటిసారి చూసినట్టు చూస్తున్నారు. ఇరవయ్యేళ్ళు పక్కింట్లో ఉన్నారు మీరు. ఆవిడ్ని బాగా ఎరిగినట్టు చూడండి."

"చిత్తం," అంది హరుయే.

ఎరిగినట్టు చూడడమెలాగో ఆమెకు బోధపడలేదు. నాలుగోసారి చూస్తూ ఉండిపోయింది. పెదవి చివరి నవ్వు చూసింది. గెంజో ఆనాడన్న కొంటెమాట ఏమిటో గుర్తుచేసుకోబోయింది, రాలేదు. ఈవిడ ఎవరి మీదైనా విసుక్కుందా? రీళ్ళు కాలినప్పుడు, యాసకి నవ్వినప్పుడు, అద్దంలో చోటు వదులుకున్నప్పుడు? విసుక్కోవలసింది కదా అనిపించింది. ఆ జాలిలోనే మాట బయటికొచ్చింది. చివర్లో తాంగో యాస కూడా కాస్త తొంగిచూసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"సరిపోయింది," అన్నాడు డైరెక్టరు.

శవం వేషం వేసినవాళ్ళ మీద ఉప్పు చల్లడం అక్కడి ఆచారం. వాకిట్లో గెంజో ఆమె భుజం మీద చిటికెడు చల్లాడు.

"నేనివాళ చచ్చినదాన్నా, బతికినదాన్నా?"

"ఏమో. నాకూ తికమకగానే ఉంది. ఎందుకైనా మంచిదని చల్లా."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె ముఖం కడుక్కుని, ముల్లంగి ఒకటి కొనుక్కుని ట్రామెక్కింది.

వానాకాలం మొదట్లో, టీ దుకాణం ముసలమ్మ వేషంలో పిలుపు కోసం ఎదురుచూస్తూ, పెద్దగది గోడకానుకుని హరుయే పోయింది. కునుకు తీస్తోందనుకుని తత్సుకో ఆమె మీద కిమోనో కప్పింది. పిలుపొచ్చాక లేపితే లేవలేదు.

ఆమె అద్దెగదిలో వెదికితే ఒక్క ఫోటో లేదు. ముప్పై నాలుగేళ్ళు కెమెరా ముందు గడిపిన మనిషి. గెంజో ఎవరికీ చెప్పకుండా పటాన్ని గుడ్డలో చుట్టి అంత్యక్రియలు జరిగే గుడికి తెచ్చాడు. నల్ల రిబ్బను కొత్తగా కట్టే పని కూడా లేకపోయింది.

స్టూడియో తరఫున మురాకి వచ్చాడు. అగరుబత్తి వెలిగించి, చేతులు జోడించి, పటం వంక చూసి నొసలు ముడిచాడు. గెంజో చెవి దగ్గర వంగాడు.

"ఇది మన పద్నాలుగో నంబరు కదండీ. పాపం, ఆవిడ ఫోటో దొరకలేదా?"

గెంజో నోరు తెరిచాడు. సినిమా విడుదలకింకా పది రోజులుంది. ఇప్పుడు తెలిసినా ఆ మాటను కత్తిరించేస్తారు.

"దొరకలేదండీ," అన్నాడు.

సోమవారం ఇంకో సినిమాలో ఇంకో తల్లి పోవలసి ఉంది. గెంజో పటాన్ని తీసుకెళ్ళి అరలో యథాస్థానంలో పెట్టాడు. గాజు తుడిచాడు, నంబరు చీటీ సరిచేశాడు. చట్రం మీద రాలిన అగరుబత్తి బూడిదను మాత్రం అలాగే ఉండనిచ్చాడు.