సాయంత్రం పిలవని పేరు

నేను పేరు పెట్టి పిలిస్తే అవతలి మనిషి పలకకపోవడం. అన్నిటికంటే నాకు అదే భయం. మా పాప పక్కగదిలో రెండు నిమిషాలు చప్పుడు చేయకపోతే చాలు, "ఇందిరా!" అని అరుస్తాను. అది నవ్వుతూ వస్తుంది.

నా భర్త కృష్ణకుమార్ మలేసియాలోని హుటాన్ మెలింటాంగ్‌లో ఇళ్ళకు రంగులు వేసే కాంట్రాక్టు చేస్తాడు. ఆరేళ్ళు ఒక్కడే చేశాడు. పోయిన ఏడాది పని పెరిగి మొదటిసారి మనుషుల్ని పెట్టుకోవాల్సి వచ్చింది. నేను ఫారం త్రీతో, అంటే తొమ్మిదో తరగతితో, చదువు ఆపేసినదాన్ని. అయినా మనుషుల్ని వెతకడం, వాళ్ళ కాగితాలు నింపడం, మధ్యాహ్నానికి అన్నం కట్టడం, జ్వరమొస్తే మాత్ర ఇవ్వడం, అలిగితే బతిమాలడం, అన్నీ నా వంతుకే వచ్చాయి. ఎవరైనా అడిగితే, మాట చివర ఇక్కడి అలవాటు 'లా' తగిలించి ఆయన చెప్పేది ఒకటే: "మా ఇంటిది ఇంటికాడే ఉంటాది లా. దానికి పనేటి?"

మొదట నిచ్చెన పని తెలిసిన మునుసామి వచ్చాడు. రెండో మనిషిగా నేను దాలమ్మను తెచ్చాను. యాభై ఎనిమిదేళ్ళ ఒంటరి మనిషి, ముప్పై ఏళ్ళు రబ్బరు తోటలో కలుపు తీసిన చేతులు. ఆవిడ పాత రంగు గీకితే గోడ అద్దంలా వచ్చేది. అత్త పాపమ్మ మాత్రం, "మగోల పనిలోకి ముసల్దాన్ని తెచ్చినావేటే?" అంది.

పొద్దున్నే వ్యాను ఎక్కే ముందు పాపను చంకనేసుకుని వాకిట్లో పేర్లు పిలిచేదాన్ని. తోటల్లో కంగాణీ, అంటే మేస్త్రీ, ఇలాగే కూలీల పేర్లు పిలిచేవాడు; దీన్ని పెరట్టు అనేవారు. మా అమ్మమ్మ నిద్రలో కూడా పెరట్టుకు పలికేదట.

"మునుసామీ!"

"ఇరుక్కేన్, క్కా!" తమిళంలో, ఉన్నానక్కా అని.

"దాలమ్మా!"

"ఒచ్చినానమ్మా, ఒచ్చినాను!" ఎప్పుడూ రెండుసార్లు.

కృష్ణకుమార్ నవ్వేవాడు. "కంగాణీ గారొచ్చినారు లా, నిటారుగా నిలబడండి!"

తోటలో పెరట్టు పొద్దున మాత్రమే. పనికి ఎవరొచ్చారో దొరకు కావాలి, ఎవరు తిరిగి వెళ్ళారో అక్కర్లేదు. నేనూ ఆ సగమే నేర్చుకున్నాను.

పోయిన జూన్‌లో నది ఒడ్డున ఒక ఖాళీ మేడలో పని. తలుపులకు రంగు వేయాలంటే ముందు వాటి పిడులు విప్పేస్తారు. ఆ సాయంత్రం వ్యాను వచ్చాక అన్నం డబ్బాలు కడుగుతుంటే రెండే ఉన్నాయి.

"దాలమ్మ డబ్బా ఏది?"

"మరిసిపోయుంటాది."

"ఆవిడ ఎక్కడ దిగింది?"

"రోజూ బస్టాపుకాడ దిగిపోద్ది కదా. నేను ఎనక్కి సూడలేదు. ఇయ్యాల మునుసామి తన మోటారుసైకిల్ మీద ముందే ఎల్లిపోయినాడు. నీకు అన్నింటికీ బయమే. పిల్లకి కూడెట్టు."

పిల్లకు అన్నం పెట్టాను. దాలమ్మకు ఫోను చేశాను, మోగింది, తీయలేదు. రెండోసారి చేయబోతుంటే ఆయన తల తిప్పి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. చదువులేనిదానివి, పిరికిదానివి, ఇంకా పని చెప్పకు అనే చూపు. ఫోను బల్లమీద బోర్లా పెట్టేశాను. ఇప్పటికీ ఆ చెయ్యి నాదేనా అనిపిస్తుంది. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. వట్టి చూపుకే ఒక మనిషిని వదిలేశాను.

మర్నాడు పొద్దున పిలిచాను. "దాలమ్మా!" మళ్ళీ పిలిచాను. మూడోసారికి మునుసామి తల దించుకున్నాడు. నేను పాపతో సహా వ్యాను ఎక్కి కూర్చున్నాను.

కింద మెట్ల దగ్గర దాలమ్మ సంచి, అందులోనే ఆవిడ ఫోను. మేడమీద స్నానాలగది తలుపు గాలికి మూసుకుని బిగిసిపోయి ఉంది. పిడి ఉండాల్సిన చోట గుండ్రటి కన్నం, లోపలి నుంచి తిప్పడానికి ఏమీ లేదు. ఆ కన్నంలోంచి ఒక వేలు బయటికి వచ్చి ఉంది. గోరు విరిగి, చివర తెల్లరంగు. మునుసామి స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే తలుపు ఇట్టే తెరుచుకుంది. అంత తేలిక పని.

"దాలమ్మా," అన్నాను.

రాత్రంతా అరిచి అరిచి ఆవిడ గొంతు పోయింది. పెదవులు మాత్రం కదిలాయి: ఒచ్చినానమ్మా. ఒక్కసారే.

తిరిగి వచ్చేటప్పుడు కృష్ణకుమార్ అన్నాడు, "నీ మనిసే కదా. నువ్వే కదా పెట్టినావు." పని ఆయనది, పేరు ఆయనది. ఆ రోజు మాత్రం దాలమ్మ నాది అయింది.

వారంలో ఆవిడ బటాంగ్ బెర్జుంటైలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. అక్కడ ఏ తలుపూ మూయనివ్వడం లేదని విన్నాను. నా ఫోను తీయదు.

ఇప్పుడు సాయంత్రం అయిదింటికి ఫోనులో పేర్లు పిలుస్తాను. ఎవరి గొంతుతో వాళ్ళు పలికాకే ఆ రోజు పని చేసిన ఇంటికి తాళం. మొదటి పేరు కృష్ణకుమార్. తొలిరోజు, "నేనూ పలకాలా?" అని నవ్వాడు. "పలక్కపోతే రేపు అన్నం కట్టను, ఏ పేరూ పిలవను," అన్నాను. అప్పుడు, "ఉన్నాను లా," అన్నాడు.

ఆదివారం పాపను తీసుకుని దాలమ్మ దగ్గరికి బస్సెక్కుతున్నాను. ఆయనను అడగలేదు, చెప్పాను. ఈలోపు మీలో ఎవరైనా బటాంగ్ బెర్జుంటై వైపు ఉంటే, పాత తోట లైను, ఆ కూలీల ఇళ్ళ వరస, చివర, పగలూ రాత్రీ తలుపు తెరిచి ఉండే ఇంటికి ఒకసారి వెళ్ళండి. గడపలోనే నిలబడి దాలమ్మను పేరు పెట్టి పిలవండి. పలకడానికి ఆవిడకు కాస్త సమయం పడుతుంది. పలికేదాకా వెళ్ళిపోకండి.