నేనిచ్చిన ఏడు పేర్లు

నా ఉద్యోగం వినడం. పిల్లల కుర్చీలు, ఉయ్యాలలు అమ్మే కంపెనీలో ఆరేళ్లుగా చేస్తున్నాను. మా పేజీ కింద జనం రాసే ప్రతి కామెంటూ చదివి, మెచ్చుకుంటే పచ్చ, తిడితే ఎరుపు, ఎటూ కాకపోతే బూడిద రంగు పెడతాను. సాయంత్రానికి అవన్నీ గోడమీది తెరపై గీతలవుతాయి. పచ్చ గీత పైకి పోయిందంటే మా మేనేజరు ముఖం చేటంత అవుతుంది. అందుకే చాటుగా ఆయన్ని పచ్చగీత అనే పిలుస్తాం.

మడత కుర్చీ గురించి మొదట రాసింది ఒక డ్రైవరు. పసిపిల్లల్ని కూర్చోబెట్టి అన్నం పెట్టే కుర్చీ అది. "పక్కనున్న లాకు జారిపోతోంది. కుర్చీ ముడుచుకుని మావాడి వేలు నలిగింది. ఇంకొకళ్లకి కాకముందే చూడండి" అని రాశాడు. బిల్లు నంబరు పంపమన్నాను. పంపాడు. మళ్లీ రాశాడు. మూడోసారీ రాశాడు, ఎక్కడా ఒక్క తిట్టు లేదు. పైవాళ్లకి పంపితే, ఆయన్ని ఫాలో అయ్యేది పదకొండు మందే కదా, వదిలేయమన్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది పాపం ఆయన పని. ఇక్కడ ఆ చెవిటిదాన్ని నేనే, అందుకు జీతం కూడాను.

తన దాకా వస్తే గానీ తెలియదంటారు. ఆ కుర్చీ మా అక్క కూతురికి నేనే కొనిపెట్టాను. వెంటనే ఫోన్ చేశాను గానీ నిజం చెప్పడానికి ధైర్యం చాలలేదు. లోపలి సంగతులు బయటపెట్టనని సంతకం చేసిన ఉద్యోగం నాది.

"అక్కా, ఆ కుర్చీ రంగు పెచ్చులూడుతోందట. పాప నోట్లో పెట్టుకుంటుంది, వాడకు."

"సరేలేవే, నువ్వు చెప్పాక వాడతానా!"

నావాళ్లు గట్టెక్కారు. హాయిగా నిద్రపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నిద్రంటేనే నాకు అసహ్యం.

నెల తిరక్కుండా ఎరుపు పెరిగింది. పచ్చగీత నా బల్ల దగ్గరికొచ్చాడు. "లాకు అన్న మాట ఉన్న కామెంట్లన్నీ వాటంతటవే దాక్కునేలా పెడదాం. కానీ జనం దాన్ని ఒక్కలా రాయరు కదా. ఎవరేమంటారో నీకన్నా బాగా ఎవరికి తెలుసు?" అన్నాడు.

దాచిన కామెంటు రాసినవాళ్లకి మాత్రం కనిపిస్తూనే ఉంటుంది, ఇంకెవరికీ కనిపించదు. లోకానికి చెప్పేశామనే వాళ్లు అనుకుంటారు. ఇదంతా తెలిసీ ఆయన పొగడ్తకి ఉబ్బిపోయాను. లాకు, క్లిప్పు, గొళ్లెం, గడియ, చీల, పిన్ను అని గడగడా అప్పజెప్పాను. వెళ్లిపోతున్నవాణ్ణి వెనక్కి పిలిచి మరీ ఏడోది చెప్పాను. "కుట్టుపని చేసేవాళ్లు హుక్కు అంటారు సార్, అదీ రాసుకోండి."

తరవాతి మీటింగులో తెరంతా పచ్చగా ఉంది. "జనం మాట వినడం నేర్చుకున్నాం" అన్నాడు పచ్చగీత. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

దాచిన కామెంట్లని వారానికోసారి చెరిపేయడం కూడా నా పనే. నిన్న మధ్యాహ్నం ఆ కుప్పలో ఒక ఫొటో కనిపించింది. మా మడత కుర్చీ, దానిమీద పసుపు పువ్వుల దిండు. ఆ దిండు మా అక్క చేత్తో కుట్టింది. కింద ఇలా ఉంది: "అమ్మా, కుర్చీ హుక్కు ఊడి మా పాప రెండు వేళ్లు తెగిపోయాయి. నేను కుట్టుకుని బతికేదాన్ని, దానికీ ఈ పనే నేర్పుదామనుకున్నా. ఇంకే బిడ్డకీ కాకూడదని చెప్తున్నా. ఎవరైనా చదువుతున్నారా?"

అక్కకి ఫోన్ చేశాను. ఆ కుర్చీ ఏం చేశావని అడిగాను.

"మన బట్టలు కుట్టే ఆవిడకిచ్చానే," అంది అక్క. "వాళ్ల పాపకి రెండేళ్లు దాటాయి, ఏది పడితే అది నోట్లో పెట్టుకోదు కదా, రంగు పోతే ఏమైందిలే అని. ఇప్పుడే ఆస్పత్రి నుంచి వచ్చా. నా చేతులతో ఇచ్చానే ఆ కుర్చీ!"

ఆవిడ కామెంటు బయటపెట్టే బటన్ నొక్కాను. రెప్పపాటులో మళ్లీ దాక్కుంది. నా సొంత పేరుతో రాద్దామని కూర్చున్నాను. ఎనిమిదో పేరు కోసం ఎంత తడుముకున్నా దొరకలేదు, నాకు తెలిసినవన్నీ నేనే ఇచ్చేశాను. కుర్చీ ముడుచుకుంటోందని రాద్దామంటే, ఆ మాటనీ, వేలు అన్న మాటనీ పచ్చగీత ఎప్పుడో దాచే మాటల పట్టికలో కలిపేశాడు. చివరికి లాకు అనే రాసి పెట్టాను. నా తెరమీద శుభ్రంగా కనిపించింది.

మళ్లీ అక్కకి చేశాను. "మా పేజీ తెరిచి చూడక్కా. నేను రాసింది కనిపిస్తోందా?"

"ఏం లేదే. అందరూ బాగుంది బాగుందనే రాశారు. ఇంతకీ ఏం రాశావు?"

చెప్పాను. డ్రైవరు సంగతి, ఏడు పేర్ల సంగతి, రంగు పోతోందన్న నా అబద్ధం, ఏదీ దాచలేదు.

"ఈ ఒక్క ముక్క ఆ రోజే నాకు చెప్పడానికి నీ నోరేమైందే?" అంది. ఫోన్ పెట్టేసింది.