పాత పేరుకు పలికేదెవరు

మధ్యాహ్నమయ్యేసరికి జహీరాబాద్‌లో మా గల్లీకి నిద్ర ముంచుకొస్తుంది. బస్టాండు రొద కూడా నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు మెత్తగా వినిపిస్తుంది. ఆ వేళ నేను మిషను మీదే, కుట్టిన జాకెట్ల మీద తల వాల్చి కునుకు తీస్తాను. అప్పుడే ఆ కల వస్తుంది.

కలలో ఒక పెంటకుప్ప. దాని మీద చాట, చాటలో నేను. కింద నుంచి పేడ వెచ్చదనం తగులుతూ ఎంతో హాయిగా ఉంటుంది. ఎవరో ఎండకు వీపు పెట్టి నిలబడి పేర్లు పిలుస్తుంటాడు. నాకంటే ముందు పుట్టిన ముగ్గురూ పిలిచిన వెంటనే లేచి ఆయన వెనక నడుస్తారు. చివరికి ఆయన నా దగ్గరికొచ్చి, చాటలోకి తొంగి చూసి, మొహం చిట్లించి వెళ్లిపోతాడు.

ఇది మా అమ్మ నారమ్మ చెప్పగా చెప్పగా నాలో ఇంకిపోయిన సంగతి. ఝరాసంగం దగ్గరి మా ఊళ్లో ఆమెకు ముగ్గురు పిల్లలు ఏడాది నిండకుండానే పోయారు. అందరికీ ముచ్చటపడి మంచి పేర్లే పెట్టిందట. నేను పుట్టగానే చాటలో పెట్టి పెంటకుప్ప మీద ఉంచారు. పక్కింటి శివమ్మ నన్ను ఎత్తుకొని, చారెడు తవుడుకు మళ్లీ మా అమ్మకే అమ్మింది. ఇది బిడ్డ కాదు, ఎవరో పారేసిన చెత్త అని చావును నమ్మించడానికి మావాళ్లు చేసే పని అది. నమ్మకం ఇంకా గట్టిపడాలని పేరు కూడా పెంటమ్మ అనే పెట్టారు.

చావు నమ్మి వదిలేసింది. బడిపిల్లలే వదల్లేదు. హాజరు పిలవగానే ముక్కులు మూసుకొని పక్క బెంచీకి జరిగేవాళ్లు. నా ముక్కు మీదికి కోపం అప్పుడు ఎక్కింది, ఇంతవరకూ దిగలేదు.

ఇన్నేళ్లు ఒకరి దుకాణంలో కుట్టి, ఈ ఏడే సొంత దుకాణం పెట్టుకున్నాను. ముందు మిషన్లు, వెనక గదిలో అమ్మా నేనూ. బోర్డు రాసే ప్రశాంత్ రంగు డబ్బా పట్టుకొని వచ్చి, "పేరేం రాయాలె అక్కా?" అన్నాడు. పెంటమ్మ లేడీస్ టైలర్ అని రాస్తే పట్టు జాకెట్టు ఎవరు తెచ్చిస్తారు? నా నోటి నుంచి నాగరాణి అని వచ్చేసింది. ఆ పేరును ఎప్పటి నుంచి లోపల దాచుకున్నానో నాకే తెలియదు. చెప్పాక మాత్రం, ఎవరో నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టు అనిపించింది. బోర్డు మీద ఒకటి, ఆధార్‌లో ఒకటి ఎందుకు, కాగితాల్లోనూ మార్చేసుకుందామని ఆ క్షణమే అనుకున్నాను.

లారీ మీద బొంబాయి దారిలో ఉన్న నా మొగుడు సురేశ్‌కు ఫోన్ చేశాను. "నీ పేరేదైతే నాకేంది, నేనెట్లైన ఏయ్ అనే పిలుస్త గద!" అని నవ్వాడు.

అమ్మ నవ్వలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతున్న చాట పక్కకు పెట్టింది.

"వద్దు బిడ్డా. ఆ పేరే నిన్ను కాపాడింది."

"గన్నేండ్ల కిందటి ముచ్చట. పానం తీస్కపోయెటోనికి ఇంక నేను గుర్తుంటనా?"

"వాడు మరుస్తడా? నీకు ఎర్క లేదు, ఊకో."

నేను ఊరుకునే రకం కాదు. మర్నాడే వకీలు వెస్లీ సార్ దగ్గరికి బయలుదేరాను. చెప్పులేసుకొని అమ్మ కూడా ఆటో ఎక్కింది.

కోర్టు పక్కన రేకుల షెడ్డు కింద సార్ టేబులు. ఆయన తాపీగా చెప్పుకుంటూ పోయాడు. "మొదలు స్టాంపు కాయితం మీద అఫిడవిట్ రాసి నోటరీ చేపిద్దాం. తర్వాత ఒక తెలుగు పేపర్ల, ఒక ఇంగ్లీష్ పేపర్ల ప్రకటన ఇయ్యాలె. అవి జతపెట్టి, చలానా కట్టి గెజెట్‌కు పంపాలె. గెజెట్ల అచ్చయినంక ఆధార్, బ్యాంకు అన్నీ మారుతయి. పేపర్ ఖర్చే జర ఎక్కువమ్మా. అన్నీ కలిపి వేలల్లనే అయితది. టెన్త్ మెమో మీద మాత్రం పాత పేరే ఉంటది, గెజెట్ కాపీ దగ్గర పెట్టుకోవాలె."

ఒక పట్టు చీరకయ్యే ఖర్చు. ఇస్తాననుకున్నాను.

"పేపర్ల ఏస్తె అందరు చదువుతరు గద సార్?" అంది అమ్మ.

"అందుకే ఏసేది పెద్దమ్మా. అందరికీ తెల్వాలె."

అమ్మ ఒకసారి ఎండలోకి చూసింది. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకొని, "అట్లయితె నా పేరు గూడ మార్చు సార్. నారమ్మ తీసేసి పెంటమ్మ అని రాయి," అంది.

నాకు ఒళ్లు మండింది. "నీకేమన్న పిచ్చి లేసిందా?"

"ఆ పేరు ఖాళీగ ఉండొద్దు బిడ్డా. వాడు ఏదో ఒకనాడు వచ్చి పిలుస్తడు. ఎవ్వరు పలకకపోతె, అడుక్కుంట అడుక్కుంట నీ కొత్త పేరు కాడికొస్తడు. నేను పలుకుత. నన్ను తీస్కపోనీ."

వకీలు సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పేరు మారితె పింఛను ఆగిపోతది పెద్దమ్మా," అన్నాడు మెల్లగా. ఏడుపొస్తే నాకు గొంతు పెరుగుతుంది. "ఒక్క పేరు చాలు సార్," అని అరిచి నా సంతకం పెట్టేశాను. పెంటమ్మ అని చేసిన చివరి సంతకం అది.

ప్రకటన వచ్చింది. కొన్ని నెలలకు గెజెట్ కూడా వచ్చింది. బోర్డు ఎక్కిన రోజు గల్లీ చివరికి వెళ్లి దూరం నుంచి చూసుకున్నాను. సంతోషంతో కాళ్లు నేల మీద ఆనలేదు.

గల్లీ నాలుక మాత్రం గెజెట్ చదవదు. పాలామె, కూరగాయలామె, అందరూ పాత పేరుతోనే పిలుస్తారు. నేను తలెత్తేలోపే వెనక గదిలోంచి అమ్మ "ఆఁ, వస్తున్న," అంటుంది. మోకాళ్లు పట్టుకొని, గోడ పట్టుకొని వస్తుంది. ముసలామె ఆరాటం చూసి వాళ్లు నవ్వుతారు. మొదట్లో నేనూ నవ్వాను. ఆమె కాపలా కాస్తోందని తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది.

మొన్న మధ్యాహ్నం మళ్లీ కల. ఈసారి పెంటకుప్ప లేదు. మా దుకాణం గడప ముందు, ఎండకు వీపు పెట్టి ఆయన నిలబడ్డాడు. "పెంటమ్మా," అన్నాడు, ఎంతో ప్రేమగా. అమ్మ కొంగుకు చేతులు తుడుచుకొని, చెప్పులు వెతుక్కుంటోంది. లేద్దామంటే నాకు కాళ్లు లేవు. పిలుద్దామంటే నోరు లేదు.

కళ్లు తెరిచాను. చెంప కింద జాకెట్టు తడిసి ఉంది. గడపలో నిజంగానే ఎవరో ఉన్నారు. వెనకంతా ఎండ, మొహం కనిపించడం లేదు.

"పెంటమ్మా!"

లోపల మంచం కిర్రుమంది. అమ్మ లేస్తోంది.

"నేనే!" అని అరిచాను. కుర్చీ ఎగిరి పడింది. "పెంటమ్మను నేనే! ఇక్కడున్న!"

"ఏందే గట్ల అరుస్తవ్, చెవులు పోయినయి," అంటూ లోపలికొచ్చింది దవాఖానలో పనిచేసే గ్లోరీ, జాకెట్ల కోసం.

అమ్మ తలుపు దగ్గర నిలబడిపోయింది. "నువ్వెందుకు పలికినవ్ బిడ్డా? నేనున్న గద."

"నువ్వు లేకుంటె నాకు ఏ పేరైతే ఏంది అమ్మా," అన్నాను. నాకు ఏడుపు ఆగలేదు. గ్లోరీ ఏమీ అర్థం కాక మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

బోర్డు మీద నాగరాణి అనే ఉంది, ఉంటుంది. గడపలో ఎవరైనా పాత పేరు పిలిస్తే మాత్రం ఇప్పుడు ఇద్దరం ఒక్కసారే పలుకుతాం.