పోయే బాణం

బాణం విల్లును విడిచే క్షణంలో ఎలా ఉంటుంది? పిల్గుకు ముప్పై ఏళ్ళుగా ఇదే అనుమానం. గురిపలక పక్కన జెండా పట్టుకుని నిలబడేవాడికి వచ్చే బాణమే తప్ప పోయే బాణం కనబడదు. అతను లేనప్పుడు ఎవరూ వేయరు.

ఆ ఉదయమూ అక్కడే ఉన్నాడు. నూట అరవై గజాల అవతల, గుట్ట మీది మండపంలో విలుకాళ్ళు తెల్లబట్టల్లో చిన్నగా కనబడుతున్నారు. బాణం తగిలితే జెండా గుండ్రంగా తిప్పుతాడు. ముందే పడితే నేలకు దించుతాడు. బాణం బయల్దేరగానే "నమో అమితాభ" అనుకుంటాడు. పలకకు తగలాలనా, తనకు తగలకూడదనా? అది బుద్ధుడికే తెలియాలి.

ఆకాశంలో పక్కకు జరిగే చుక్కతో భయం లేదు. కదలకుండా పెద్దదయ్యే చుక్క మన మీదికే వస్తున్నట్టు. పద్దెనిమిదేళ్ళ కిందట అలాంటి చుక్క ఒకటి అతని పిక్కలో దిగింది. వేయమని జెండా లేవకముందే తొందరపడి వదిలింది విలుకాళ్ళలో పెద్దాయన ప్యో గారు. కట్టు కడుతూ ఆయన ఏడ్చేశారు. "నువ్వు లేచి నడువు. నా పక్కన నిలబెట్టి నీచేత బాణం వేయిస్తాను" అన్నారు.

పిల్గు లేచాడు, కుంటుతూ నడిచాడు. ఆ మాట మళ్ళీ రాలేదు. అడగడానికి అతనికి నోరు రాలేదు. రోజూ బాణాల కట్ట మండపం మెట్ల మీద దించి వెనక్కి వచ్చేవాడు.

ఆ రోజు మెట్ల దగ్గర ప్యో గారు మూటతో కూర్చుని ఉన్నారు. మధ్యాహ్నం బస్సుకు పుసాన్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు.

"పైకి రావోయ్."

"కాళ్ళు బురదండీ."

"నా కాళ్ళకేం గంధం పూసుందా? రా."

కుంపటి సెగకు కాచిన కొమ్ము విల్లుకు ఇద్దరూ కలిసి తాడు ఎక్కించారు. ఆయన తాడు లాగే వేలికి పెట్టుకునే తన కొమ్ము ఉంగరం తీసి పిల్గు లావుపాటి బొటనవేలికి బలవంతంగా తొడిగారు.

"బాణం జారితే తాడు వదిలేవు సుమా! బాణం మోయాల్సిన బలమంతా విల్లులోకే తిరిగొచ్చి అది ముక్కలవుతుంది. ముఖం మిగలదు. పలకను చూడకు, వెనక కొండకొమ్మును చూడు. దిగడం బాణానికి తెలుసు."

"మరి జెండా ఎవరండీ?"

"నేను" అని ఆయన మూట తీసుకుని మెల్లగా దిగిపోయారు.

"పిల్గూ, అవతల బార్లీ చేలో మా ఆవిడుంది, చూసుకో!" అని ఎవరో నవ్వారు.

దూరంగా జెండా లేచింది. పిల్గు అందరి వైపు తిరిగి వంగాడు. ఎంత ఆరితేరినవాడైనా మొదటి బాణానికి ముందు ఇక్కడ అనే మాటే అన్నాడు: "విల్లు నేర్చుకుంటున్నానండీ."

నవ్వులు ఆగాయి. "బాగా తగలాలి" అన్నారందరూ ఒక్కసారిగా.

లాగాడు. వదిలాడు. తాడు ముంజేతిని చర్రున కొట్టింది. బాణం చేపలా ఇటు వంగి, అటు వంగి, విల్లును తప్పించుకుని, అంతలో నిటారై పోయింది. బుద్ధుడి పేరు తలవడం మరిచాడు. బాణం లేస్తూ, చిన్నదవుతూ, కనబడకుండా పోయింది.

జెండా నేలకు దిగింది.

"ఒక్కసారి తిప్పితే ఏం పోయేది ముసలాయనకి!" అన్నారెవరో.

"సరిగ్గానే చూపించారు" అన్నాడు పిల్గు, కళ్ళు తుడుచుకుంటూ. "నేనైనా అంతే చూపించేవాణ్ణి."

ప్యో గారు జెండాను పలకకు ఆనించారు. మండపం వైపు వంగి, బార్లీ చేల దారిన రోడ్డెక్కారు. కాసేపటికి బస్సు హారన్ వినబడింది.

పిల్గు ఉంగరం తీయబోయాడు. ఉమ్మి రాసి లాగాడు. ఆయన వేలు ఇన్నేళ్ళూ అరగదీసిన ఆ నల్లటి కొమ్ము ఉంగరం, ఇంకా వెచ్చగా, కణుపు దాటి రాలేదు.