ఆయన క్షమించాడు

పన్నెండు సీట్ల వ్యాన్‌లో పదహారు మంది ఎక్కారు. ఇద్దరు కూర్చునే చోట ముగ్గురు ఇరుక్కున్నారు. ఒకాయన సామాన్ల సంచి మీద కూలబడ్డాడు. అయినా మడతలక్క పక్క సీటు మాత్రం ఖాళీగానే ఉంది. బయలుదేరి గంట దాటింది. ఎండ కిటికీలోంచి సూటిగా ఆమె మొహానికి కొడుతోంది. ముందు వరుసల్లో చప్పట్లు కొడుతూ పాట పాడుతున్నారు. ఒకరినొకరు ప్రేమించుకోవడం గురించిన పాట.

ఆమె అసలు పేరు చర్చి సంఘం రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా వినపడదు. లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టడంలో ఆమె తర్వాతే ఎవరైనా అని మడతలక్క అనే పేరు స్థిరపడిపోయింది. ఆస్పత్రుల నుంచీ హోటళ్ల నుంచీ వచ్చే దుప్పట్లు రోజుకు ఆరేడు వందలు ఆమె చేతుల మీదుగా పోతాయి. నిన్న కూడా పదకొండు గంటలు నిలబడింది. పిక్కలు ఇంకా పీకుతూనే ఉన్నాయి.

ఆ లాండ్రీ యజమానే వీళ్ల సంఘపెద్ద. వ్యాన్ కూడా ఆయనదే. వారమంతా మాసిన బట్టలు మోస్తుంది, ఆదివారం విశ్వాసులను మోస్తుంది. నడిపేది మడతలక్క మరిది. అతని పక్కనే ఆ పెద్దమనిషి చల్లగా కూర్చుని పాటకు తల ఊపుతున్నాడు.

దిండు గలీబులు రెండు పోయాయని ఆయన లాండ్రీ వెనక తలుపుకు తాళం వేయించాడు. రెండు నెలల కిందట ఒక శుక్రవారం మధ్యాహ్నం లోపల ఆవిరి గొట్టం పగిలింది. ముందు తలుపు ఆ ఆవిరికి అవతల ఉంది. ఆడవాళ్లందరూ వెళ్లి వెనక తలుపు మీద పడ్డారు. తాళంచెవి యజమాని జేబులో ఉంది. ఆయన మందిరంలో, ఉపవాస ప్రార్థనలో, ఫోను ఆపేసి మోకాళ్ల మీద ఉన్నాడు. వీధిలోవాళ్లు గునపంతో తలుపు విరగ్గొట్టేసరికి మడతలక్క తోడికోడలికి వీపూ కుడి భుజమూ ఉడికిపోయాయి.

ఆమె ఇరవై రోజులు ఆస్పత్రిలో ఉంది. ఆ ఖర్చు ఆయనే పెట్టుకున్నాడు. పెట్టుకున్నానని మూడు ఆదివారాలు వరసగా సంఘానికి చెప్పుకున్నాడు కూడా. తలుపు బాగుచేయించి, మళ్లీ తాళం వేయించాడు.

"తాళంచెవి లోపల మాలో ఎవరి దగ్గరన్నా ఉంచండి సార్" అని మడతలక్క రెండుసార్లు అడిగింది. "అంటే, నా మీద నమ్మకం లేదా?" అన్నాడాయన రెండుసార్లూ. మూడోసారి ఆమె ఆయన్ని అడగలేదు. కార్మిక శాఖ ఇన్‌స్పెక్టరుకు అర్జీ పెట్టింది. ఇన్‌స్పెక్టరు రేపు వస్తున్నాడు.

దాంతో సంఘం భగ్గుమంది. విశ్వాసి మీద విశ్వాసి బయటివాళ్ల దగ్గరికి వెళ్లడమా! ఈ సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరితోనైనా పడకపోతే, సమాధానపడేదాకా, నెలకోసారి రొట్టె పంచుకునే ప్రభు బల్లలో చేయి వేయకూడదు. మంచి కట్టుబాటే. కాకపోతే ఇన్నేళ్లలో దానివల్ల రొట్టెకు దూరమైనవాళ్లందరూ కూలినాలి చేసుకునేవాళ్లే. జీతాలిచ్చేవాడెవడూ ఒక్కసారైనా ఆగిపోలేదు.

పోయిన నెల రొట్టె పళ్లెం మడతలక్కను దాటిపోయింది. బాప్తిస్మం తీసుకున్న ఇరవై రెండేళ్లలో అదే మొదటిసారి. భర్తను మట్టిచేసిన వారం కూడా ఆమె బల్ల మానలేదు. పళ్లెం దాటిపోయిన రోజు ఇంటికెళ్లి, వంటింట్లో గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఈ నెల కూడా దాటిపోతే తట్టుకోలేనని ఆమెకు తెలుసు. అందుకే ఎవరూ రమ్మనకపోయినా, వేరే ఊరి సంఘంతో కలిసి ఈ నెల బల్ల జరిగే ఉమ్మడి కూడికకు వ్యాన్ ఎక్కింది.

దారిలో టీ కోసం ఆగారు. అందరూ దిగాక సంఘపెద్ద భార్య వచ్చి ఆ ఖాళీ సీట్లో కూర్చుంది. ఊరికే రాలేదు, చేతిలో కాగితం ఉంది.

"ఒక్క సంతకం పెట్టు తల్లీ. అర్జీ వెనక్కి తీసుకుంటున్నట్టు. ఇవాళ రెండు సంఘాలు కలిసి బల్ల తీసుకుంటున్నాం. నిన్నొదిలేసి మా గొంతు దిగుతుందా చెప్పు?"

"పోయిన నెల దిగింది కదా అమ్మగారూ."

అమ్మగారి మొహం మాడింది. "ఈ నోరే నీకు శత్రువు. ఆయన మీ వాళ్లకి ఎంత చేశాడు! కాస్తయినా విశ్వాసం ఉండాలి."

"చేశారు, కాదనను. ఆ తలుపు తెరిచుంటే అదంతా చేసే పనే ఉండేది కాదు."

"సాతాను నీ చేత ఇలా పలికిస్తున్నాడు. ప్రార్థన చేసుకో."

"చేసుకునే అర్జీ పెట్టానండి."

అమ్మగారు కాగితం మడిచి విసురుగా దిగిపోయింది. దూరంగా టీ గ్లాసు పట్టుకుని తోడికోడలు ఇటే చూస్తోంది. మొన్ననే పనిలోకి వచ్చింది. వీపు ఆనించలేక, వ్యాన్‌లో ముందు సీటు కమ్మీ పట్టుకుని ముందుకు వంగి కూర్చుంటోంది. అర్జీ వెళ్లినప్పటి నుంచీ అక్కతో పొడిపొడి మాటలే. మరిది మాత్రం కిటికీ దగ్గరికి వచ్చాడు.

"వదినా, నీకు దణ్ణం పెడతాను. ఆ సంతకం పెట్టేయ్. మా ఇద్దరి పనీ ఆయన చేతిలోనే ఉంది."

"దాని వీపు రోజూ చూస్తున్నావు కదరా."

"చూస్తున్నాను కాబట్టే అడుగుతున్నా. రేపట్నించి దాని మందులకి ఎవరిస్తారు? నువ్విస్తావా?"

  ఇంజను వేడెక్కిందని ఎవరో పిలిస్తే అతను వెళ్లిపోయాడు. ఆ ప్రశ్న మిగిలిన దారంతా ఆమెను నమిలింది.

ఆ ఊరి మందిరం పెద్దది. బెంచీలు నిండిపోయాయి. అమ్మగారు తెలివిగా మడతలక్కకూ తోడికోడలికీ మధ్య తాను కూర్చుంది. రొట్టె విరిచాక, పంచబోయే ముందు సంఘపెద్ద పళ్లెం పట్టుకుని మైకు దగ్గర ఆగాడు.

"మా సంఘంలో ఒక సిస్టర్ నా మీద అధికారులకి ఫిర్యాదు చేసింది. నా మనసు చాలా గాయపడింది. కానీ ఈ రోజు మీ అందరి ముందూ ఆమెని మనస్ఫూర్తిగా క్షమిస్తున్నాను."

"ఆమెన్" అని మందిరం మారుమోగింది. ఎవరో ఒకావిడ కళ్లు కూడా తుడుచుకుంది. కాలినవాళ్లు ఒకరు, క్షమించేవాడు ఇంకొకడు!

ఆయన నేరుగా మడతలక్క ముందుకు వచ్చి చేయి చాపాడు. రెండో చేతిలో పళ్లెం. "లే సిస్టర్. చెయ్యి కలుపు. రొట్టె తీసుకో. ఇంతటితో అంతా అయిపోయినట్టే."

ఆమె లేచింది. రొట్టె ముక్కలు జానెడు దూరంలో ఉన్నాయి. వాటిని చూస్తే ఆమె ప్రాణం కొట్టుకుంది. ఇంత తేలికా, చేయి ఇస్తే చాలా అనిపించింది. చేయి కాస్త కదిలింది కూడా. ఆ చేయి ఇస్తే రేపు ఇన్‌స్పెక్టరుకు చెప్పడానికి ఏమీ మిగలదని అప్పుడు తోచింది.

"సార్, నేను క్షమాపణ అడగలేదు" అంది.  "తాళం తియ్యమని అడిగాను."

మందిరంలో కలకలం రేగింది. వెనక నుంచి ఎవరో "ఇది దేవుని మందిరం!" అని అరిచారు.

"అందుకేనండి, ఇక్కడ అబద్ధం ఆడలేను. మేము సమాధానపడలేదు. రేపు ఆ తలుపు తాళం తీసెయ్యండి, మీ చెయ్యి నేనే వచ్చి పట్టుకుంటాను."

కూర్చుంది.  అమ్మగారు ఆమె చీర అంచు తగలకుండా పక్కకు జరిగింది. పెద్దమనిషి మెడ ఎర్రబడింది. అయినా సర్దుకుని, మందిరమంతా వినపడేంత గట్టిగా "ప్రభువు చూసుకుంటాడు" అని, పళ్లెం అమ్మగారి ముందు పెట్టాడు. అమ్మగారు తీసుకుంది, కళ్లు మూసుకుంది.

పళ్లెం తోడికోడలి ముందుకు వచ్చింది. ఆమె తల ఎత్తలేదు. గోడ పక్క నిలబడ్డ భర్త తీసుకోమని కళ్లతోనే బతిమాలుతున్నాడు.

"తీసుకోమ్మా" అన్నాడు సంఘపెద్ద.

"ముందు మా అక్కకివ్వండి."

మాట చాలా చిన్నగా వచ్చింది. అయినా రెండు బెంచీల దాకా వినపడింది. అమ్మగారు కళ్లు తెరిచింది.

"ఆమె సంగతి వేరే. నువ్వు తీసుకో."

తోడికోడలు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, కాలిన భుజం చీరకు ఒరుసుకుంటున్నా కదలకుండా కూర్చుంది. ఆయన పళ్లెం పట్టుకుని ఆమె ముందే నిలబడి ఉన్నాడు. వెనక వరుసలవాళ్లు తమ వంతు ఎప్పుడొస్తుందా అని మెడలు సాచి చూస్తున్నారు.