మిస్సు మొగుడు

పురుషోత్తమ్ తన పెళ్ళాన్ని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. పెళ్ళయిన కొత్తలో ‘ఇదో’ అనేవాడు. ప్రేమ రాబర్ట్‌సన్‌పేటలో ఒక ప్రైవేటు ఇస్కూల్లో చేరిన మర్నాటి నుంచి ‘మిస్సు’ అనడం మొదలుపెట్టాడు. మొదట ఎకసెక్కానికే అన్నాడు. పోనుపోను అదే పేరైపోయింది. అన్నం పెట్టమన్నా మిస్సే, పట్టుపురుగులకు ఆకు తెమ్మన్నా మిస్సే, కోపమొచ్చి అరిచినా మిస్సే.

ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా? అతనికీ ఒక పేరు తగిలించారు. మిస్సు మొగుడు. టీ అంగడి దగ్గర సీనప్ప ఆ మాట అన్నప్పుడల్లా అందరూ నవ్వేవారు. పురుషోత్తమ్ మూతి ముడుచుకునేవాడు గానీ లోపల పొంగిపోయేవాడు. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టరు గది బయట నిలబెడితే, అట్నుంచి అటే ఇంటికి నడిచొచ్చి మళ్ళీ బడి మొహం చూడని మనిషి అతను. బ్యాంకులో ఏ కాగితం మీద ఎక్కడ సంతకం పెట్టాలో తెలియక దిక్కులు చూస్తే, గుమాస్తా ఎగాదిగా చూసే మనిషి. తనను బయట నిలబెట్టిన చదువు చివరికి తన ఇంట్లోనే కాపురం చేస్తోందని అతనికొక తృప్తి. ఆ తృప్తి తప్ప బతుకులో గొప్పగా చెప్పుకునేది ఇంకొకటి లేదు.

ప్రేమ కోలారు బంగారు గనుల ఊరి బిడ్డ. తండ్రి గని ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం, తండ్రి నోట ఇంగ్లీషు విని పెరిగింది. గని మూతబడ్డాక ఆయన చేతిలో మిగిలింది కూతురి చదువొక్కటే. బి.ఎడ్. ముగిసీ ముగియక ముందే సంబంధాలు వెతికాడు. పురుషోత్తమ్ తండ్రి మునిశామప్పకు మల్బరీ తోట ఉంది, పురుగుల షెడ్డు ఉంది. నేడు కాకపోతే రేపు కోడలు గవర్నమెంటు టీచరవుతుందని ఆయన లెక్క. మొగుడికి చదువు లేకపోయినా కూతురికి తిండికి లోటుండదని ఈయన లెక్క.

మునిశామప్ప లెక్క తప్పింది. సర్కారు పరీక్ష పెట్టినప్పుడల్లా ప్రేమ రాసింది. పగలంతా పురుగులకు ఆకు కోసి రాత్రి చదివి రాసింది, అత్త సొన్నమ్మ ఆస్పత్రిలో ఉంటే మంచం పక్కన చదివి రాసింది. అర్హత పరీక్ష గట్టెక్కింది గానీ పోస్టు రాలేదు. చూస్తుండగానే వయసు దాటిపోయింది. మధ్యలో ఒక ఏడు సర్కారు బడిలో అతిథి టీచరుగా పిలిచారు. అతిథి అంటే పొమ్మన్నప్పుడు పోయేవాడే కదా అని పురుషోత్తమ్ అప్పుడే అన్నాడు. పరీక్షలు ముగియగానే పొమ్మన్నారు.

ఆమెతో బి.ఎడ్. చదివినవాళ్ళు ఫోనులో ఒక గుంపు పెట్టుకున్నారు. ఒకామె బెంగుళూరులో ట్యూషన్ యాప్ కంపెనీకి పాఠాలు రాస్తుంది. ఒకతను హాస్టలు వార్డెను. ఒకామె బేతమంగళంలో చిన్నపిల్లల బడి పెట్టింది, ఇంకొకతను ఇన్సూరెన్సు పాలసీలు కట్టిస్తాడు. ప్రేమ ఒక్కొక్కరి సంగతీ చదివి చెబుతుంటే పురుషోత్తమ్ పెదవి విరిచేవాడు. చదివింది టీచరు చదువు, అమ్మేది పాలసీలా అనేవాడు. అతని లెక్కలో టీచరంటే నల్లబల్ల ముందర నిలబడాలి, పిల్లకాయలు లేచి నిలబడి గుడ్ మార్నింగ్ చెప్పాలి. ఆ గుడ్ మార్నింగ్ కోసమే రోజూ పొద్దున ఆమెను బండి మీద దింపి, ఇంజను ఆపి, గేటు దగ్గర కాసేపు నిలబడేవాడు. లోపల పిల్లలంతా ఒక్క గొంతుతో ‘గుడ్ మార్నింగ్ మిస్’ అని సాగదీస్తే తనకే చెప్పినట్టుండేది.

ఈ ఏడు వేసవికి ముందు ఇస్కూలువాళ్ళు ప్రేమను పిలిచి మాట్లాడారు. జూన్ నుంచి పెద్ద తరగతులకు వయసులో ఉన్న కొత్తవాళ్ళను పెట్టుకుంటారట. ఆమెను ఎల్.కె.జి.కి పంపుతారట. అదీ ఒక్క ఏడాదికే, ఆ పైన వాళ్ళ చేతిలో లేదట. ప్రేమ ఇంటికొచ్చి ఏడవలేదు. ఫోను గుంపులో, కోలారు అవతలి వేమగల్ ఫ్యాక్టరీ ఒకటి బి.ఎడ్. చదివినవాళ్ళను పిలుస్తోందని ఎవరో పెడితే దాన్ని పట్టుకుంది. కొత్తగా చేరే ఆడపిల్లలకు మిషను దగ్గర ఎట్లా మెలగాలో, చెయ్యి ఎక్కడ పెట్టకూడదో వాళ్ళ వాళ్ళ భాషల్లో అర్థమయ్యేట్టు చెప్పాలి. నాలుగు భాషలొస్తే మరీ మంచిది. వయసు పట్టింపు లేదు. ఆ చివరి మాటే ఆమెను లేపి నిలబెట్టింది.

తోడుకు శశికళను తీసుకుపోయింది. శశికళ ఒకప్పుడు ప్రేమ దగ్గరే ఏడో తరగతి చదివింది, ఇప్పుడు అదే ఇస్కూల్లో టీచరు. ఇద్దరూ ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చారు. తిరిగొచ్చిన రాత్రి ప్రేమ వంట చేస్తూ ఏదో కూనిరాగం తీసింది. అది విని సొన్నమ్మ కూడా ఆశ్చర్యపోయింది. వేమగల్‌లో ఇంటర్వ్యూ అని మాత్రమే మొగుడితో చెప్పింది. అది ఫ్యాక్టరీ అనీ, పని ఫలానా అనీ చెబితే వెక్కిరిస్తాడని భయం. ఖాయమయ్యాక చెప్పొచ్చులే అనుకుంది. అతనూ అడగలేదు. వేమగల్‌లో మాత్రం ఇస్కూళ్ళు లేవా అనుకున్నాడు. ఇస్కూల్లోకి ఫోను తేకూడదు గనుక ఆమె ఫోను పగలంతా అతని దగ్గరే ఉండేది. వేమగల్ నుంచి ఎవరైనా చేస్తే సాయంత్రం తానే మాట్లాడతానని చెప్పమంది. రెండుసార్లు చెప్పింది.

ఫోను శనివారం మధ్యాహ్నం వచ్చింది. పురుగులు నాలుగోసారి పొర విడిచి, నాలుగో జ్వరం నుంచి లేచిన రోజులవి. అప్పుడు వాటి ఆకలికి తోట తోటంతా కోసి పోసినా చాలదు, షెడ్డు నిండా నమిలే చప్పుడే. పురుషోత్తమ్ ఆకు మోపు దించి ఫోనెత్తాడు. అవతల మనిషి కన్నడంలో మర్యాదగానే మాట్లాడాడు. ఫలానా ఫ్యాక్టరీ నుంచి అన్నాడు. ప్రేమా మేడంతో చెప్పండి, సోమవారం నుంచి ట్రైనింగుకు రావచ్చు అన్నాడు.

ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ట్రైనింగు అన్న మాటకు ఒక్కటే అర్థం. తెల్లారకముందే ముఖానికి గుడ్డ చుట్టుకుని రోడ్డు మీద కంపెనీ వ్యాను కోసం నిలబడే ఆడపిల్లలు. ఎంతకాలం చేసినా పర్మినెంటు కాక, ట్రైనింగు అయిపోయింది పొమ్మంటే ఇంటికొచ్చేసే ఆడపిల్లలు. సీనప్ప కోడలు అట్లాగే పోయి అట్లాగే వచ్చింది. ఆ మాట చెవిన పడగానే పురుషోత్తమ్‌కు ఒళ్ళు మండింది. సాయంత్రం మాట్లాడుతుందని చెప్పాల్సిన నోరు ఇంకోటి చెప్పింది.

“ఏమప్పా, మా మిస్సును ఎవరనుకున్నావు? ఆయమ్మ ట్రైనింగుకు వచ్చే మనిషి కాదు. ట్రైనింగు ఇచ్చే మనిషి.”

అవతలివాడు ‘సార్, అదే’ అని ఏదో ఎత్తుకున్నాడు. పురుషోత్తమ్ ఫోను పెట్టేశాడు. అది మళ్ళీ మోగింది. మోగనిచ్చాడు. ఆకు చల్లుతూ తనలో తానే ఆ మాట ఇంకోసారి అనుకున్నాడు, బాగుంది. టీ అంగడికి పోయి సీనప్పకు చెప్పాడు. సీనప్ప కూడా ఆ రోజు ఎగతాళి చేయలేదు, నీ మాదిరి నాకు అప్పుడు నోరు లేకపోయె కదప్పా అన్నాడు. మిస్సు మొగుడు అన్న పేరుకు ఆ పూటే తాను సరిపోయినట్టు పురుషోత్తమ్‌కు అనిపించింది.

సాయంత్రం ప్రేమ కాళ్ళు కడుక్కుంటుంటే చెప్పాడు. ఆమె చెంబు కింద పెట్టి, నువ్వు ఏమన్నావో అదే మాట మళ్ళీ చెప్పు అంది. మెచ్చుకోలుకే అడిగిందనుకుని అతను ఈసారి ఇంకా గట్టిగా, చెయ్యి ఊపి మరీ చెప్పాడు. ప్రేమ మెట్టు మీద కూర్చుండిపోయింది.

“నేను పోయింది దానికేనప్పా,” అంది. “ట్రైనింగు ఇచ్చేదానికే పిలిచినారు.”

ఆమె ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. శనివారం సాయంత్రం, ఆఫీసు మూసేసి ఉంటారు. ఆదివారమంతా ఆ ఇంట్లో పురుగుల చప్పుడే. సోమవారం పొద్దున్నే ఇద్దరూ బండి మీద బయలుదేరారు. కోలారు దాటేదాకా టమోటా లారీల వెనకే పోవలసివచ్చింది. దారి పొడుగునా పురుషోత్తమ్ అక్కడ ఏం చెప్పాలో మాటలు కూర్చుకుంటూనే ఉన్నాడు. తప్పు తనదేనని చెప్పాలనుకున్నాడు. ఎనిమిదో తరగతివాడు తెలియక అన్నాడు, ఆ మాట ఆయమ్మ నెత్తిన వేయకండి అని చెప్పాలనుకున్నాడు.

ఫోను చేసినతని పేరు శ్రీధర. కుర్రవాడే, మెడలో కార్డు. ప్రేమను కూర్చోమని, విని, తల వంచుకున్నాడు. అతనికి తెలుగు బాగానే వచ్చు.

“సార్ చెప్పిందే మేము అడిగింది, మేడం. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. మీకు ఇష్టం లేదేమో అనుకున్నాము. లిస్టులో రెండో పేరు వాళ్ళను పిలిచేసినాము, పొద్దున వచ్చి చేరినారు కూడా.”

పురుషోత్తమ్ కూర్చుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి. ‘తప్పు నాది’ అనడానికి తెరిచిన నోటి నుంచి ‘ఆ మాట ముందే సరిగ్గా చెప్పొచ్చు కదా’ అన్న గదమాయింపు వచ్చింది. ఒక్క ఫోనుకే మనిషి పేరు కొట్టేస్తారా అని కూడా అన్నాడు. శ్రీధర ప్రేమ వైపు తిరిగాడు. మేడం, మీరొకసారి లోపలికి రండి, ఇంకెప్పుడైనా ఖాళీ వస్తే చూస్తాము, మా మేనేజరుతో పరిచయం చేస్తాను అన్నాడు. సార్‌ను అక్కడే ఉండమన్నాడు. తలుపు మూసుకుంది. పురుషోత్తమ్ నడవాలో నిలబడ్డాడు. గది బయట నిలబడడం అతనికి కొత్త కాదు.

ఎదురుగా అద్దాల గది ఉంది. అందులో నీలం టోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు వరసగా కూర్చున్నారు. ముందర తెల్లబల్ల. దాని పక్కన శశికళ. ఏదో అడిగితే పిల్లలంతా లేచి నిలబడి జవాబు చెబుతున్నారు. నల్లబల్ల కాదు, తెల్లబల్ల, అంతే తేడా. పురుషోత్తమ్ ఆ అద్దం ముందు నుంచి కదలలేకపోయాడు.

ప్రేమ బయటికొచ్చేసరికి శశికళ ఆమెను చూసి పరుగున వచ్చింది. ముఖం పాలిపోయింది. “మిస్, మీరు వద్దన్నారని చెప్పినారు. లేకుంటే నేను వస్తానా? మీరు చెప్పండి మిస్, ఇప్పుడే మానేస్తాను.”

ప్రేమ ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. “మానేసి యాడికి పోతావు? ఆ ఇస్కూలుకేనా?” అంది. గదిలోకి ఒకసారి తొంగి చూసింది. “వెనక వరసలో టోపీకి ఎర్ర క్లిప్పు పెట్టుకున్న బిడ్డకు నీ కన్నడం ఎక్కడం లేదు చూడు. పక్కవాళ్ళను చూసి లేచి నిలబడతా ఉండాది. ఆ బిడ్డకు తమిళంలో చెప్పు. చేతులు పోయే పని ఇది.”

వచ్చేటప్పుడు కోలారు బస్టాండు దగ్గర పురుషోత్తమ్ బండి ఆపి టీ తెచ్చాడు. ప్రేమ గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు. అతను చాలాసేపు బండి అద్దం తుడిచాడు. చివరికి, ఎల్.కె.జి. అయినా టీచరే కదా మిస్సూ, అన్నాడు. ఓదార్పనే అనుకున్నాడు.

“ఇంగ నన్ను అట్ల పిలవద్దప్పా,” అంది ప్రేమ. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే అతనికి బాగుండేది. “పిల్లకాయలు పిలుస్తారు, చాలు. నాకొక పేరుండాది.”

పట్టుగూళ్ళు దింపి అమ్మారు, మళ్ళీ కొత్త పురుగులు తెచ్చారు. ఊళ్ళో సీనప్ప ఇంకా మిస్సు మొగుడే అంటున్నాడు. ఇప్పుడు ఆ మాట వినబడితే పురుషోత్తమ్ సగం టీ వదిలేసి లేస్తాడు. ఇంట్లో మాటలు తగ్గాయి. పిలవాల్సి వస్తే అతను దగ్గరిదాకా పోయి నిలబడతాడు. ఆమె తల ఎత్తి చూశాక చెప్పాల్సింది చెబుతాడు.

జూన్‌లో ఇస్కూలు తెరిచిన రోజు అలవాటు ప్రకారం ఆమెను గేటు దగ్గర దింపాడు. ఇంజను ఆపలేదు. ప్రేమ పెద్ద తరగతుల వైపు రెండడుగులు వేసి, ఆగి, రంగుల బొమ్మలు గీసిన ఎల్.కె.జి. గోడ వైపు తిరిగింది. అక్కడ ఒక పసిబిడ్డ చిన్న గేటు కమ్మీ పట్టుకుని ఏడుస్తోంది. అప్పుడు చూశాడు పురుషోత్తమ్, టిఫిను సంచి బండికే వేలాడుతోంది.

మిస్సు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. పేరు పెట్టి పిలుద్దామని నోరు తెరిచాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారీ పలకని ఆ రెండక్షరాలు, అంతమంది తల్లిదండ్రుల మధ్య, ఎంత ప్రయత్నించినా గొంతు దాటలేదు. ఏం చేయాలో తోచక హారను కొట్టాడు.

గేటు దగ్గరున్నవాళ్ళంతా తిరిగి చూశారు. ప్రేమ మాత్రం చూడలేదు. ఆ బిడ్డను ఎత్తుకుని, కమ్మీ నుంచి వేళ్ళు ఒక్కొక్కటే విడిపిస్తోంది. పురుషోత్తమ్ సంచి తీసి వాచ్‌మన్ చేతికిచ్చాడు. ఎవరికివ్వాలి అని వాచ్‌మన్ అడిగితే, వేలు చూపించి బండి తిప్పుకున్నాడు.